మూలుగ కోసం మూలుగు

మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను? నా పేరు సంగిల్, ఇంటిపేరు మా. ఇంటిపేరు ‘మా’ అయితే ఏం లాభం, ఇంట్లో ‘నా’ మాట ఒక్కటీ చెల్లదు.

మా ఆవిడ ఓక్సిమ్ స్నేహితురాళ్ళతో కలిసి ఉల్లుంగ్ దీవికి వెళ్తానంది, నాలుగు రోజులు. వద్దనడానికి నా దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది: ఆవిడ లేకపోతే నాకు తోచదు. కానీ అలాంటివి పెళ్ళాంతో పైకి అనే అలవాటు మా వంశంలో ఎవరికీ లేదు. అందుకని ఉపాయం పన్నాను.

పెళ్ళైన కొత్తలో ఒక బొగ్గుల పొయ్యి హోటల్లో నిలువుగా చీల్చి కాల్చిన ఆవుకాలి ఎముకలు తిన్నాం. ఆవిడ చెంచాతో మూలుగంతా గీకి గీకి తిని, ఇలాంటిది ఇంట్లో వండి పెట్టే మొగుడుంటే గడప దాటనంది. ముప్పై మూడేళ్ళ కిందటి మాటే. అయినా మాట మాటే కదా అనుకుని, శనివారం పొద్దున్నే మాంసం కొట్టుకి బయల్దేరాను.

ఎముకలు అనగానే కొట్టు యజమాని ప్యో కత్తి కింద పెట్టి నా వంక జాలిగా చూశాడు.

“వదిన ఎన్నాళ్ళుండదు అన్నగారూ?”

మా మగాళ్ళకి దయ్యమంటే లేని భయం ఎముకల చారంటే ఉంటుంది. పెద్ద కుండలోకి ఎముకలు ఎక్కాయంటే ఇంటావిడ ఊరెళ్తోందని అర్థం. ఆవిడ తిరిగొచ్చేదాకా మూడు పూటలా అదే చారు, అదే అన్నం, ఎదురుగా అదే గోడ.

చారుకి కాదు, కాల్చుకోవడానికి, నిలువుగా కోసివ్వమన్నాను. ఇరవై ఏళ్ళుగా అడ్డంగా కోసిన రంపం ఇప్పుడు నిలువుగా ఎలా వెళ్తుందని వాడు వాదించాడు. నేను మూలిగాను. వాడూ మూలిగాడు. చివరికి తొడ ఎముకల్లో నిటారుగా ఉన్న నడిమి గొట్టాలు ఏరి చీల్చాడు. అడక్కుండానే నాలుగు కీళ్ళ గుబ్బలు కూడా సంచిలో పడేసి, వదిన వెళ్ళాక ఉడకేసుకోండన్నాడు.

లిఫ్టులో మా ఆవిడ స్నేహితురాలు మల్సుక్ ఎదురైంది. ఈ ప్రయాణానికి పెద్ద ఆవిడే. సంచి చూసింది, నన్ను చూసింది, మొహం చాటంత చేసుకుంది.

“మొత్తానికి పంపిస్తున్నారన్నమాట. మా మంచి అన్నయ్యగారు.”

నేను నోరు తెరిచేలోపు ఆవిడ అంతస్తు వచ్చేసింది.

ఎముకల్లో నెత్తురు పోవాలంటే ఉప్పునీళ్ళలో రాత్రంతా నానాలి, మధ్యమధ్యలో నీళ్ళు మార్చాలి. కిమ్చీ పచ్చడి కలిపే బేసిన్లో వేసి, బాల్కనీలో మూల దాచి, నీళ్ళ సంగతి మర్చిపోయి హాయిగా నిద్రపోయాను. తెల్లారి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి, ఎముకలు మల్లెపూలలా ఉన్నాయి. ఉప్పు మహిమ అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ వీధి చివరి వేడినీళ్ళ స్నానశాలకి వెళ్ళింది. మా ఓవెన్‌లో మూకుళ్ళు దాచుకోవడమే తప్ప ఏనాడూ వెలిగించింది లేదు. మూకుళ్ళు బయటికి లాగి, సగం ఎముకలు పెట్టాను. ఇరవై నిమిషాలు చాలని వంట వీడియోలో అన్నారు గానీ, అంత పెద్ద ఎముకకి ఆ మాత్రం మర్యాద సరిపోదని నలభై పెట్టి, టీవీలో కుస్తీ చూస్తూ కునుకు తీశాను.

లేచేసరికి పొగలో వంటగది కనపడలేదు. మూలుగంతా కరిగి పళ్ళెంలో నూనై మరుగుతోంది, ఎముకలు వెదురు గొట్టాల్లా ఖాళీగా ఉన్నాయి, పైకప్పుకున్న పొగ గంట మోగుతోంది. ఇంతలో ప్రతి ఇంటి గోడకీ ఉండే మైకులోంచి కాపలా పెద్దాయన గొంతు.

“పన్నెండో అంతస్తు మా సంగిల్‌గారు ఎముకలు కాలుస్తున్నారు. అగ్నిప్రమాదం కాదు. భార్య ఊరెళ్తున్నారు గనక అందరూ అర్థం చేసుకోగలరు.”

సిగ్గు దిగమింగి కిటికీలన్నీ తెరిచి, మిగతా సగం పెట్టాను. ఈసారి ఓవెన్ ముందు మోకాళ్ళ మీద కూచుని రెప్ప వేయలేదు. అంచులు ఎర్రబడి, మధ్యలో మూలుగ వణకడం మొదలవగానే తీసేశాను. పైన కల్లుప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడలు. పక్కన వేడి అన్నం. నిజం చెప్పొద్దూ, నా మీద నాకే గౌరవం కలిగింది.

ఓక్సిమ్ వచ్చి, పొగ ఊసెత్తకుండా కూచుని తింది. చెంచాతో గీకి గీకి, ముప్పై మూడేళ్ళ కిందటిలాగే తింది.

“బ్రహ్మాండంగా ఉందండీ,” అంది. “రాత్రి నేను నాలుగుసార్లు లేచి నీళ్ళు మార్చినందుకు ఫలితం దక్కింది.”

ఉప్పు మహిమ అక్కడితో సరి.

“ఒక సంగతి చెప్పనా? నేను రాలేనని మల్సుక్‌కి శుక్రవారమే చెప్పేశాను. మీరు ఏం తింటారో, ఎలా ఉంటారోనని బెంగ.”

నాకు ఒళ్ళంతా పులకరించింది. శుక్రవారమే! నేను ప్యోతో వాదించక ముందే గెలిచానన్నమాట.

“ఇప్పుడా బెంగ లేదు,” అంటూ ఫోన్ తీసింది. “ఇంత వంట వచ్చి కూడా ఇన్నేళ్ళూ దాచారు కదండీ. మల్సుక్, నా సీటు ఉందా?”

ఉందట. లిఫ్టులో నన్ను చూడగానే మల్సుక్ ఆ సీటు మళ్ళీ రాయించేసిందట. ఓక్సిమ్ లేచి, ప్యో ఇచ్చిన గుబ్బల్నీ మేం గీకేసిన ఎముకల్నీ కలిపి పెద్ద కుండలోకి ఎత్తింది. ఇక లాభం లేదని వంశాన్ని పక్కన పెట్టాను.

“వెళ్ళొద్దే. నువ్వు లేకపోతే నాకు తోచదు.”

గరిటె ఆగింది. “వినపడలేదు. మళ్ళీ అనండి.”

మళ్ళీ అన్నాను. మూడోసారి ఫోన్‌లో మల్సుక్ వినేలా నాచేత అనిపించింది. ఓక్సిమ్ కళ్ళు తడిశాయి, అబద్ధమెందుకు, నావీ తడిశాయి.

“ఈ మాట రావడానికి ముప్పై మూడేళ్ళు పట్టింది,” అంది కుండ మీద మూత పెడుతూ. “నాలుగు రోజులు దూరంగా ఉంటే ఇంకోటి ఏమైనా వస్తుందేమో చూద్దాం.”

గురువారం రేవుకెళ్ళే బస్సెక్కింది. శుక్రవారానికే నేను ఫోన్ చేసి ఆ ఇంకోటి కూడా చెప్పేశాను. అదేమిటో మీకు చెప్పను. అవతల ఆవిడ గొంతు సవరించుకుని, ఇక్కడ సముద్రం చాలా బావుంది, ఇంకో రెండు రోజులు ఉండొస్తానంది.