థోర్‌కిల్ గారికి సంతాపసభ

సదస్సుకు ఇంకొక్క రోజే ఉంది. ఆ ఉదయం మెరెటె పెట్టుకున్న పనులు పెద్దవేం కావు. దాల్చినచెక్క రొట్టెలకు బేకరీలో చెప్పాలి, హాల్లో మైకు చూసుకోవాలి, ప్రారంభోపన్యాసం ఇవ్వాల్సిన థోర్‌కిల్ గారు చేపలు తింటారో లేదో కనుక్కోవాలి. కంప్యూటర్ సిద్ధాంతాలవాళ్లను ఆర్హుస్ నగరంలో ఒకచోట చేర్చే బాధ్యత ఆమెకిదే మొదటిసారి. సభ చక్కగా జరిగితే ఉద్యోగం ఖాయం చేస్తానని విభాగాధిపతి వాగ్న్ మాటిచ్చాడు.

థోర్‌కిల్ గారిది సామ్సో దీవి. ఎనభై దాటినా సెల్‌ఫోను ముట్టని మనిషి. ఇంటికి ఫోన్ చేస్తే భార్య రిగ్మోర్ ఎత్తింది.

“ఆయనా? తెల్లారకముందే వెళ్లిపోయారమ్మా.”

మెరెటె కుర్చీలోంచి లేచి నిలబడింది. “అయ్యో! అంత హఠాత్తుగానా?”

“హఠాత్తుగా ఏముంది, వారం నుంచీ అదే ధ్యాస. నన్ను నిద్ర కూడా లేపలేదు.”

“మీరు... మీరెలా ఉన్నారు?”

“నాకేం, హాయిగా ఉన్నా. చాన్నాళ్లకి ఇల్లు ప్రశాంతంగా ఉంది.”

దుఃఖంలో మనిషి ఏమైనా మాట్లాడుతుంది పాపం, అనుకుంది మెరెటె. “మేమేం చెయ్యాలో చెప్పండి.”

“ఆర్భాటాలు ఆయనకి గిట్టవు. మెత్తటి పడక చూడండి, చాలు. అసలే నడుం నొప్పి మనిషి.”

మెరెటెకు ఏడుపు ఆగలేదు. ఫోన్ పెట్టేసి, వాగ్న్ గదిలోకి పరుగెత్తింది.

“నువ్వు సరిగ్గానే విన్నావా?” అన్నాడు వాగ్న్. “ఎందుకైనా మంచిది, ఇంకోసారి అడుగు.”

“ఏమని అడగనండీ? నిజంగానే పోయారా అనా?”

మధ్యాహ్నానికి జెండా సగానికి దిగింది. సాయంత్రానికి దేశదేశాల నుంచి సంతాపాలు వచ్చిపడ్డాయి. ప్రారంభోపన్యాసం కాస్తా సంతాపసభ అయింది. అందులో మాట్లాడతానని అందరికన్నా ముందు వచ్చినవాడు ఏగోన్, థోర్‌కిల్ గారి ఈడు శాస్త్రజ్ఞుడు. అందరూ నిర్ఘాంతపోయారు. ఒక రకం చిక్కు లెక్కల్ని ఎంత గొప్ప కంప్యూటరైనా త్వరగా తేల్చలేదని చెప్పే సిద్ధాంతం ఒకటుంది. అది నాదంటే నాదని పోట్లాడుకుని, థోర్‌కిల్, ఏగోన్‌లు ఇరవై ఏళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

మర్నాడు హాలు నిండిపోయింది. థోర్‌కిల్ గారి పడుచునాటి ఫొటో ముందు కొవ్వొత్తులు వెలిగించారు. అందరూ లేచి మౌనం పాటిస్తుండగా వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. నీళ్లోడుతున్న పసుపు రెయిన్‌కోటులో ఒక ముసలాయన లోపలికొచ్చి, అందరూ నిలబడి ఉండటం చూసి, టోపీ తీసి తలవంచుకున్నాడు.

మెరెటె వేదిక మీంచి పోల్చుకుంది. అది థోర్‌కిల్ గారే!

ఆయన పక్కనున్న కుర్రాణ్ణి ఏదో అడిగాడు. కుర్రాడు ఫొటో చూపించాడు. ముసలాయన అద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. తర్వాత వేదిక మీది మెరెటె వైపు తిరిగి, పెదవుల మీద వేలుంచి, తీరిగ్గా కూర్చున్నాడు. చచ్చాక తన గురించి ఏమంటారో వినే యోగం ఎందరికి పడుతుంది!

ఏగోన్ మైకు అందుకున్నాడు. మెరెటె ఆయన చెయ్యి పట్టుకుంది. “ఏగోన్ గారూ, ఒక్క మాట...”

“ఇప్పుడు కాదమ్మా. ఏడుపొస్తే తర్వాత ఏడుద్దువుగాని.” గొంతు సవరించుకున్నాడు. “మిత్రులారా, వాడు పోయాక నాకీ పంతం ఎందుకు? ఆ సిద్ధాంతం వాడిదే. పూర్తిగా వాడిదే. దాంట్లో నాకే భాగమూ లేదు. ఇవాళ్టి నుంచి దానికి థోర్‌కిల్ పేరే ఉండాలి!”

హాలంతా కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. అన్నిటికన్నా గట్టి చప్పట్లు వెనక వరసలోంచి వచ్చాయి. తలలు తిరిగాయి. ఎవరిదో కుర్చీ కిందపడింది.

“మెరెటె!” అన్నాడు వాగ్న్, పళ్ల బిగువున.

“వెళ్లిపోయారన్నారండీ...”

“వెళ్లాను, నా తెరచాప పడవేసుకుని ఇక్కడికే బయల్దేరాను,” అన్నాడు థోర్‌కిల్ వేదికెక్కుతూ. “దారిలో గాలి పడిపోయింది. ఏరా ఏగోన్, ఇచ్చింది వెనక్కి తీసుకోవు కదా?”

పాలిపోయిన మొహంతో ఏగోన్ తల అడ్డంగా ఊపాడు. “ఇంతమంది ముందు ఇచ్చాను. తీసుకోను.”

సభ ఎలాగైనా గాడిన పడితే చాలనుకుంది మెరెటె. “మీ ఉపన్యాసం మొదలెడదామండీ,” అంటూ, ముసలాయన జేబులోంచి తీసిన పెన్‌డ్రైవ్ లాక్కుని కంప్యూటర్‌కు పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది థోర్‌కిల్‌కు.

“ఆగమ్మా! వద్దు, ఆపు!”

అప్పటికే తెర మీద అంతెత్తు అక్షరాలు పడ్డాయి: ‘ఏగోన్ సిద్ధాంతం తప్పు: ఇదిగో రుజువు.’

థోర్‌కిల్ ఇరవై ఏళ్లపాటు తనదేనన్న సిద్ధాంతం, తప్పు దొరికాక ఏగోన్‌దయిందన్నమాట. హాలంతా గొల్లున నవ్వింది. వాగ్న్ కూడా కడుపు పట్టుకుని నవ్వుతుంటే మెరెటెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏగోన్ ఆ అక్షరాలను మెల్లగా, రెండుసార్లు చదివి, వేదిక దిగి, ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“కానివ్వరా థోర్‌కిల్. తన తప్పు తానే చెప్పుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు!”