పేరులో గూఢార్థం, కిటికీకి బీరువా

కథలో పాత్రల పేర్ల వెనుక దాగిన అర్థాన్ని వెతికేవాడే అసలైన పాఠకుడు. కథంతా చదివేవాడు పనీపాటా లేనివాడు!

ఈ మాట నేను గాలికి అనడం లేదు. గాలికి అందామన్నా మా వంటింట్లో గాలి లేదు.

ఈమధ్య ఒక వారపత్రికలో నా కథ అచ్చయింది. కథ చిన్నది. ఒక ఇల్లాలు. ఆవిడ వంటింటికి ఒకే ఒక కిటికీ. దానికి అడ్డంగా భర్తగారి అక్కయ్య బీరువా. ఆవిడ ఇల్లు మారుతూ "రెండు రోజులు ఉంచండి" అని పెట్టి వెళ్ళింది. ఆ రెండు రోజులూ ఇంకా పూర్తికాలేదు. మిరపకాయ వేగిందంటే పొగకి పోయే దారి ఉండదు. ఇల్లాలు దగ్గుతుంది. బీరువా తీయించమని భర్తని అడుగుతుంది. ఆయన "చూద్దాంలే" అంటాడు. మళ్ళీ దగ్గుతుంది. కథ అయిపోతుంది.

మా వంటింటికీ ఒకే కిటికీ. దానికి అడ్డంగా మావారి అక్కయ్య బీరువా. ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు చేతకాదు. నోటితో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టాక, అచ్చులో చూస్తేనైనా బుర్రకెక్కుతుందేమోనని రాశాను. పత్రికని భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన, తప్పించుకోవడానికి వీల్లేకుండా పెట్టాను. ఇంటిల్లిపాదీ చదివారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. మా వంటింట్లో అది రోజూ చేసే పనే.

మావారు చదవడం ముగించి, కళ్ళజోడు తీసి, గంభీరంగా అడిగారు. "భర్తకి ఈ పేరెందుకు పెట్టావు?"

చూశారా! మామూలు పాఠకుడైతే బీరువా దగ్గరే ఆగిపోయేవాడు. లేచి వెళ్ళి దాన్ని జరపబోయి, నడుం పట్టేసి మంచమెక్కేవాడు. పేర్లలో అర్థాలు వెతికే అలవాటు వల్ల కదా మావారి నడుం ఇవాళ్టికీ నిటారుగా ఉంది!

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. రాస్తే ఇంకో రెండిళ్ళలో పొయ్యి వెలగదు. నిజానికి దాని వెనక ఉన్న గూఢార్థం ఒక కుళాయి. నేను కథ మొదలుపెట్టిన పూట ప్లంబరు మా సింకు కింద దూరి ఉన్నాడు. కథలో మొగుడికి పేరు కావలసి వచ్చింది. "నీ పేరేంటి నాయనా?" అన్నాను. సింకు కిందనుంచే చెప్పాడు. పెట్టేశాను. కన్నబిడ్డకైతే నలుగురిని అడిగి పెడతాం గాని, కాగితం మీది మొగుడికి అంత హంగామా ఎందుకు?

మావారు నమ్మలేదు. ఆ పేరు వాళ్ళ ఆఫీసు మేనేజరుదట. మేనేజరు ఎవరి మాటా వినడట. కథలో భర్త కూడా వినడు. ఇంకేం, లెక్క కుదిరిపోయింది! పోయి పోయి మేనేజరు మీద రాశావా, నా ఉద్యోగం గురించి ఒక్క క్షణమైనా ఆలోచించావా అని నన్ను నిలదీశారు. నిలదీస్తున్నారన్నమాటే గాని, పెళ్ళాం మాట వినని మొగుడు ఇంకెవరో అని తేలిపోయేసరికి ఆ ముఖంలో ఎంత ప్రశాంతత! ఏ డాక్టరు రాసిచ్చిన బిళ్ళ ఇస్తుందండీ అంత ప్రశాంతత?

ఇక బీరువా సొంతదారు, మా వదినగారు. పత్రిక సంగతి తెలిసి ఆదరాబాదరాగా వచ్చారు. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. ఆవిడ కథలోని ఆడబిడ్డ పేరు దగ్గర వేలు పెట్టి, నా చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు.

"ఇది మా తోడికోడలి పేరే కదమ్మా. దాని సంగతి ఇన్నాళ్ళకి ఒక్కరైనా రాశారు. ఎక్కడ పడితే అక్కడ సామాను పడేసి చేతులు దులుపుకునే రకం."

ఆ సంతోషంలో బీరువా తాళం తీసి, లోపలున్న దుప్పట్ల పైన ఇంకో రెండు దుప్పట్లు సర్ది, తాళం వేసుకుని వెళ్ళారు. ఆడబిడ్డా మరదలూ ఇంత సఖ్యంగా ఉన్న ఇల్లు మా కాలనీలో ఇంకోటి చూపించండి. అంతా పేర్ల మహిమ!

అత్తగారికి మాత్రం కోపం వచ్చింది. కథలో ఆవిడకి పేరు లేదు, ఉత్తి "అత్తగారు" అని రాశాను. అందరికీ పేర్లు పెట్టి నన్నొక్కదాన్నే వదిలేశావంటే మనసులో ఏదో ఉంచుకునే చేశావు అన్నారు. మర్యాదకి వదిలేశాను అన్నాను. "మర్యాద ఉన్నవాళ్ళు రెండు మూడు పేర్లు అనుకుని నన్నడిగేవాళ్ళు" అన్నారు.

తగువు తీర్చడానికి మావారు పై అంతస్తు మాస్టారిని పిలుచుకొచ్చారు. ఆయన రిటైరైన లెక్చరరు. ఏ కథనైనా పేర్లతో మొదలుపెట్టి పేర్లతో ముగిస్తారు. మధ్యలో ఉన్నది పేజీలు నిండడానికి ప్రెస్సువాళ్ళు వేసుకున్నదని ఆయన నమ్మకం. టీ కప్పు పుచ్చుకుని వంటింటి దాకా వచ్చి, బీరువాకి జారబడి విశ్లేషణ మొదలుపెట్టారు. ఇల్లాలి పేరు నీటికి గుర్తట. భర్త పేరు నిప్పుకి. ఆడబిడ్డ పేరు భూమికి. పేరే లేని అత్తగారు ఆకాశమట. ఇది పంచభూతాల కథ. కానీ గాలి ఎక్కడా కనిపించడం లేదు, అదొక్కటే శిల్పలోపం.

ఇంత దగ్గరికి వచ్చిన మనిషిని వదులుకోకూడదని, "మరి బీరువా సంగతేంటి మాస్టారూ?" అన్నాను.

ఆయన జాలిగా చూశారు. "బీరువా అంటే బీరువా అనుకుంటున్నావా తల్లీ? అది గతం."

అని ఆ గతానికి వీపు ఇంకాస్త బాగా ఆనించారు. అప్పుడే మూకుడులో మిరపకాయ వేగింది. మాస్టారు దగ్గారు. మావారు దగ్గారు. హాల్లో అత్తగారు దగ్గారు. ఇక్కడేమిటో గాలి ఆడటం లేదని, మిగతా విశ్లేషణ మా ఇంట్లో చేద్దాం రండని మాస్టారు మావారిని పైకి తీసుకుపోయారు.

వాళ్ళటు వెళ్ళగానే ప్లంబరు వచ్చాడు. చేతిలో రెంచి లేదు, పత్రిక ఉంది.

"అమ్మా, మీ కథలో మొగుడికి నా పేరు పెట్టారంట. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఎవరింట్లో కుళాయి బాగుచేస్తే వాళ్ళింట్లో మొగుడివైపోతావా అంటోంది. పేరన్నా మార్చండి, సింకన్నా ఇంకోళ్ళకి చూపించుకోండి."

సింకు ముఖ్యం. అందుకని రెండో కథ పేర్లు లేకుండా రాశాను. అతను, ఆమె, అతని అక్క. అదే వంటిల్లు, అదే బీరువా, అదే దగ్గు. అచ్చయిందో లేదో కాలనీ అంతా గుప్పుమంది. పేరు దాచిందంటే మనిషి ఎవరో ఇక్కడివాడే అన్నారు. మూడో వీధి మొగుళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు. మావారు కూడా "పాపం, ఎవరో గాని" అని నిట్టూర్చారు.

సరే, దాపరికమే వద్దనుకున్నాను. మూడో కథలో మావారి పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. వదినగారి పేరు రాశాను. అత్తగారికి ఆవిడ పేరే పెట్టాను. మా ఇంటి నంబరు, బీరువా రంగు, దాని ఎడమ తలుపుకి ఉన్న సొట్ట కూడా రాశాను. ఇక తప్పించుకునే సందు లేదు కదా?

మావారు చదివి హాయిగా వెనక్కి వాలారు. "మన పేర్లే పెట్టావంటే ఇది మన గురించి కాదన్నమాట. మన గురించయితే దాచేదానివి కదా."

వదినగారూ అదే అన్నారు. ఊరికే పేర్లు వాడుకున్నావు, దానికేం అని పెద్దమనసు చేసుకున్నారు. ఆ మనసుతోనే ఆటోలోంచి కుట్టుమిషను దింపించారు. దాన్ని బీరువా ముందు పెట్టించి, రెండు రోజులే అన్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, కథలు మానేసి ఈ వ్యాసానికి దిగాను. ఇందులో పాత్రలు లేవు, పేర్లు లేవు, పంచభూతాలు లేవు. మా వంటింట్లో ఒక బీరువా ఉంది. దాని ముందు కుట్టుమిషను, వెనక కిటికీ ఉన్నాయి. కాస్త బలమున్న ఇద్దరు మగవాళ్ళు వచ్చి ఒక చెయ్యి వేస్తే చాలు, నాకు గాలి వస్తుంది.

పత్రికకి పంపే ముందు దీన్ని మావారికి చూపించాను. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. ఆఖరి వాక్యం దగ్గర వేలు పెట్టి, హాల్లో అత్తగారికి వినపడకుండా గొంతు తగ్గించి అడిగారు.

"ఎవరా ఇద్దరు?"