ఉపవాసం చెడిన సాలీడు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం సులువైనదే. పస్తు పెట్టిన సాలీడును నూరి, దాని మైటోకాండ్రియా డీఎన్‌ఏ తీసి, మధ్యాహ్నానికి డీఎన్‌ఏ చదివే యంత్రానికి ఎక్కించాలి. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే ఆ డీఎన్‌ఏను ఈ జాతి సాలీడులో ఇంతవరకూ ఎవరూ చదవలేదు. ఉన్నది ఒక్కటే సాలీడు. అది పాడైతే ఆమె ఉద్యోగం గోవిందా.

మంచు తెచ్చుకుని ప్రయోగశాలలోకి వచ్చేసరికి, క్యారేజీ ఇవ్వడానికొచ్చిన అత్తగారు సాలీడు పెట్టెలోకి తొంగిచూస్తున్నారు. పెట్టె మీద కోడలి చేతిరాతతో 'ఉపవాసం' అని ఉంది.

"నువ్వేమో ఒక్కపూట ఉండలేవు, నోరులేని జీవం చేత ఉపవాసాలా?"

"దాని పొట్ట ఖాళీగా ఉండాలత్తయ్యా! లేకపోతే తిన్నదాని డీఎన్‌ఏ కూడా కలిసిపోతుంది."

అత్తగారి మొహం పాలిపోయింది. "మరి... పక్క గొట్టంలో ఈగ ఉంటే వేశానే!"

కోడలి చేతిలోని మంచు డబ్బా జారిపడింది. ఆ ఈగ పక్కగది ఈగల మాస్టారిది. కొండలూ గుట్టలూ ఎక్కి పట్టుకున్న ఒకే ఒక్క కొత్తజాతి ఈగ. కాస్త చూస్తూ ఉండమని పొద్దున్నే ఇచ్చి వెళ్లారు.

అంతలో గుమ్మంలో ఆయనే! "నా ఈగ క్షేమమేనా?"

"లోపలే ఉందండీ."

"ఎగిరిపోదు కదా?"

"ఇక... పోదండీ."

"డైరెక్టరుగారికి చూపించాలి. ఆయన్ని ఇప్పుడే తీసుకొస్తా!"

ఆయన అటు వెళ్లగానే కోడలు పెట్టెలోకి చూసింది. సాలీడు తాపీగా ఈగను జుర్రుకుంటోంది. ఆగితే మాస్టారి ఈగ అరిగిపోతుంది. ఆగకపోతే తన సాలీడు ఫలితం గంగలో కలుస్తుంది.

"తలకిందులుగా పట్టుకుంటే కక్కదా?" అన్నారు అత్తగారు.

కోడలు కళ్లు మూసుకుని రెండింటినీ కలిపి నూరేసింది. డైరెక్టరుగారు రాగానే అత్తగారి ఊసు తప్ప జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

"యంత్రానికి ఎక్కించండి," అన్నారు డైరెక్టరుగారు ముక్తసరిగా. "మీ ఉద్యోగం సంగతి ఫలితం వచ్చాక మాట్లాడదాం."

అది వచ్చేదాకా ఉపవాసం కోడలిదే. ముద్ద దిగలేదు.

చివరికి కంప్యూటరు తెర మీద గుండ్రటి డీఎన్‌ఏ వలయాలు రెండు తేలాయి. ఒకటి సాలీడుది, ఒకటి ఈగది. రెండూ పూర్తిగా, కలిసిపోకుండా దేనికది విడివిడిగా! మాస్టారు లేచి తెరకు దండం పెట్టినంత పనిచేశారు.

"ఒక్క దెబ్బకు రెండు జాతులు! మిమ్మల్నెలా వదులుకుంటామమ్మా?" డైరెక్టరుగారు పొంగిపోయారు. "ఇంతకీ ఎవరిదీ ఆలోచన?"

కోడలు నోరు విప్పేలోగా గుమ్మంలో మళ్లీ అత్తగారి క్యారేజీ చప్పుడైంది.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుందంటారు. ఈ రెండూ మాత్రం అత్త నుంచి వచ్చాయి.