దీక్షా శిబిరంలో శ్రవణావగాహన

భూపాలపల్లిలో బొగ్గు తవ్వడం ఆగితే జనగామలో ఇంగ్లీషు అర్థం కావడం ఆగిపోతుంది. ఇది ప్రకృతి ధర్మం. నమ్మని వారు తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజుల్లో జనగామకు వచ్చి చూడవలసింది. కార్మికులు గనిలోకి దిగలేదు కాబట్టి బొగ్గు పైకి రాలేదు. బొగ్గు రాలేదు కాబట్టి కరెంటు రాలేదు. కరెంటు రాలేదు కాబట్టి ఊళ్లోని ఒక డిగ్రీ కాలేజీలో, చెవులకు యంత్రాలు తగిలించుకుని ఇంగ్లీషు వినే గదిలోకి, ఇంగ్లీషు రాలేదు. (కరెంటు ఉన్న కాలంలోనూ అక్కడికి ఇంగ్లీషు రాలేదు. తాళం తీస్తే యంత్రాలు పాడవుతాయని ప్రిన్సిపాల్ గారి భయం. ఆయన భయం సరైనదే. తాళం తీయనంత కాలం అవి కొత్తవాటిలా మెరుస్తూనే ఉన్నాయి.)

ఇందులో అందరికంటే ఎక్కువ నష్టపోయింది యాస్మిన్. చౌరస్తా దగ్గర మైకుసెట్టు దుకాణం నడిపే అబ్బాస్ కూతురు. డిగ్రీలో అన్ని పేపర్లూ గట్టెక్కింది, ‘ఆంగ్ల శ్రవణ పఠన అవగాహన’ ఒక్కటి తప్ప. అందులోనూ పఠనం పాసే. శ్రవణం దగ్గరే రెండుసార్లు బోల్తా పడింది. బీఈడీలో సీటు వచ్చింది, డిగ్రీ పట్టా చూపిస్తే చేర్చుకుంటారు. ఈసారి కూడా తప్పితే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. లెక్కల టీచరు కావాలన్నది ఆమె చిన్ననాటి కోరిక. తల్లి మున్నవర్ బేగం అప్పుడే చుట్టాల ముందు ఆమెను ‘టీచరమ్మ’ అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా యాస్మిన్ వంటింట్లోకి జారుకునేది.

శ్రవణ పరీక్ష అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం కొంత వివరణ అవసరం. హాల్లో ఒక పెట్టె పెడతారు. అందులోంచి సముద్రాల అవతలి మనిషి ఒకరు తన సొంత గొడవ ఏదో చెప్పుకుంటారు. మధ్యమధ్య కాసేపు ఆగుతారు. ఆ ఆగినప్పుడు అభ్యర్థులు ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. పెట్టె ఒకసారే మాట్లాడుతుంది. మళ్లీ చెప్పమని అడగడం నిబంధనలకు విరుద్ధం.

మొదటిసారి యాస్మిన్ చివరి బెంచీలో కూర్చుంది. పక్కవాడి పెన్ను గీకుడు తప్ప ఏమీ వినిపించలేదు. రెండోసారి ముందు బెంచీ దొరికింది గానీ, పెట్టె నోరు తెరిచిన క్షణాన కాలేజీ వెనక పట్టాల మీదికి ఒక గూడ్సు బండి వచ్చింది. పెట్టె నోరు మూసేదాకా అది పోతూనే ఉంది. యాస్మిన్ అర్జీ పెట్టుకుంది. విశ్వవిద్యాలయంలో శ్రవణావగాహన ఉప నియంత్రణాధికారి అని ఒకాయన ఉన్నాడు. ఆయన ఆలస్యం లేకుండా జవాబిచ్చాడు: ‘పరీక్షా సమయమున రైలు పోవుట నిషిద్ధము కాదు. అభ్యర్థి చెవియందు లోపమున్నచో సర్కారు దవాఖాన ధ్రువపత్రము జతపరచవలెను.’

ఆమె దవాఖానకు పోయింది. డాక్టరు ఆమె వెనక నిలబడి మెల్లగా గొణిగాడు. "పేరేంది?" చెప్పింది. "ఏం తిన్నవ్ పొద్దున?" చెప్పింది. చెవులు దివ్యంగా ఉన్నాయని రాసిచ్చాడు. ఆ కాగితం అందుకున్న అధికారి అంతే చురుకుగా తేల్చాడు: చెవులు బాగున్నవి కాబట్టి లోపము అభ్యర్థిదే. అయితే ఆయన దయలేని మనిషి కాదు. రైలు చప్పుడు గురించిన ఫిర్యాదును కూడా పరిష్కరించాడు. పరీక్షా కేంద్రాన్ని జనగామ నుంచి మహబూబాబాద్‌కు మార్చాడు. అక్కడికి రైల్లో పోవాలి.

సమ్మె ముగిసిన వెంటనే పరీక్ష ఉంటుందని, సమ్మె కాలంలో పాఠాలు జరగలేదన్న సాకు చెల్లదని ఇంకో ఉత్తర్వు వచ్చింది. యాస్మిన్ ఇంగ్లీషు లెక్చరర్ సోమనర్సయ్యను వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన చౌరస్తాలో రిలే దీక్షా శిబిరంలో, టెంటు కింద, మెడలో దండతో కూర్చుని ఉన్నాడు.

"సార్, జర దినాం ఒక్క గంట చెప్పుండ్రి సార్. గీసారి గూడ ఫేలైతే నా సీటు పోతది."

"చెప్పాల్ననే ఉన్నదమ్మా. గని సమ్మెల ఉండి కాలేజీల కాలు పెడ్తె రేపు నా మొకం ఎవరికి చూపియ్యాలె?"

పక్కనే శిబిరం కన్వీనర్ రాజలింగం ఉన్నాడు. పత్తి మార్కెట్లో రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఆయనది. సమ్మె పుణ్యమా అని దుకాణం మూసి, ఆ తెలివంతా శిబిరానికి ధారపోస్తున్నాడు.

"కాలేజీకి ఎందుకు సార్ పోవుడు? మొన్న నడి రోడ్డు మీద పొయ్యి పెట్టి బువ్వ వండినం, తిన్నం. గది నిరసననే గద? కబడ్డీ ఆడినం, గదీ నిరసననే. మరి నడి రోడ్డు మీద కూసొని ఇంగ్లీషు ఇంటె నిరసన ఎందుకు గాదు?"

సోమనర్సయ్య మెడలో దండ సర్దుకుని సరేనన్నాడు. శిబిరం ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాటి నుంచి కార్యక్రమ వివరం ఇలా మారింది: ముందు శ్రవణం, తర్వాత పఠనం, ఆ తర్వాత వంటావార్పు. యాస్మిన్‌లాగే ఆ పేపరు తప్పినవాళ్లంతా టెంటులోకి చేరారు.

అబ్బాస్ తన బ్యాటరీ ఆంప్లిఫయరును తెచ్చి, సోమనర్సయ్య తెచ్చిన సెల్లుల సీడీ పెట్టెకు తగిలించాడు. రెండు హారన్లను కరెంటు స్తంభానికి కట్టాడు. (కరెంటు లేకపోయినా స్తంభం ఒక పనికైనా వచ్చింది.) అభ్యాసపు సీడీలో మాట్లాడే ఆవిడ పేరు మార్గరెట్. ఎక్కడో సముద్రపుటొడ్డున ఉండే మేనత్తను చూడబోయి, స్టేషన్లో రైలు కోసం కాచుకున్న వైనం ఆమె చెబుతుంది. మార్గరెట్ అందరికీ శుభోదయం చెప్పింది, తన పేరు చెప్పింది, ఆగింది.

"జై తెలంగాణ!" అంది టెంటు యావత్తూ.

ఇందులో వారి తప్పేమీ లేదు. మైకులో మాట్లాడే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆ ఖాళీని నింపడం ఆ రోజుల్లో కనీస మర్యాద. నింపకపోతే తన ఉపన్యాసం నచ్చలేదని వక్త చిన్నబుచ్చుకుంటాడు. మార్గరెట్ అయితే జవాబులు రాసుకునే వాళ్ల కోసం నిండుగా, ఓపికగా ఆగేది. నినాదం పూర్తయ్యాకే మళ్లీ అందుకునేది. జనం మీద ఇంత గౌరవమున్న వక్త ఆ శిబిరానికి అంతకుముందు రాలేదు. పక్క తండా నుంచి రోజూ వచ్చి ముందు వరసలో కూర్చునే గంగాబాయి ముచ్చటపడి యాస్మిన్‌ను మోచేత్తో పొడిచింది.

"ఎవలే బిడ్డా గీ అమ్మ? ఏమంటాంది?"

యాస్మిన్ తడబడింది. సగం సగమే అర్థమైంది. "రైలు లేటయిందట అవ్వా."

"ఆళ్లకాడ గూడ రైల్‌రోకో చేసిన్రా?"

యాస్మిన్ తండ్రికి సైగ చేసి ఆ ముక్క మళ్లీ వేయించింది. "కాదవ్వా, మంచు పడ్డదట."

"మంచుకే ఆగుతదా రైలు! మనకాడ పట్టాల మీద మనిషి పండుకుంటె గని ఆగకపాయె."

అలా మొదలైంది. గంగాబాయి ఊరుకునే రకం కాదు. మార్గరెట్ ఏమన్నదో, ఎందుకన్నదో, ఆ మేనత్తకు మొగుడున్నాడో లేడో, అన్నీ కావాలి. చెప్పకపోతే టెంటు మొత్తం యాస్మిన్ వైపు చూసేది. ఇంతమందికి చెప్పవలసి వస్తుందన్న భయంతో ఆమె చెవులు రిక్కించి వినేది. నినాదాల హోరులోంచి, లారీ హారన్ల మధ్యలోంచి, మార్గరెట్ మాటలు ఒక్కొక్కటే విడిపడి స్పష్టంగా రాసాగాయి. సోమనర్సయ్య తెచ్చిన మిగతా సీడీలన్నీ అయ్యేసరికి ఏ గొంతు మాట్లాడినా అక్కడికక్కడే తెలుగులో చెప్పగలిగేది. తనకు ఇంగ్లీషు వస్తున్నదని తెలిసిన రోజున యాస్మిన్‌కు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

"మనం నోరు తెరిస్తె సినిమాలల్ల నవ్విన్రు," అన్నాడు అబ్బాస్ వైరు చుట్టుకుంటూ. "గీమె మాట మటుకు నవ్వకుంట ఇనాలె. ఇంటె మార్కులు గూడ ఇస్తరట. క్యా జమానా హై బేటా!"

పఠనం అంత సాఫీగా సాగలేదు. పుస్తకంలోని ఒక వ్యాసాన్ని చదివి, రచయిత ఉద్దేశమేమిటో చెప్పమన్నాడు సోమనర్సయ్య. రాజలింగం అడ్డం పడ్డాడు. "ఆయన ఏ ప్రాంతపోడో ముందుగాల చెప్పుండ్రి సార్, ఉద్దేశం నేను చెప్త." చర్చ వంటావార్పు దాకా సాగింది. చివరి రోజున వక్తలందరికీ శాలువాలు కప్పే ఆచారం ప్రకారం సీడీ పెట్టెకు కూడా ఒక శాలువా కప్పారు. ఉద్యమానికి సంఘీభావం తెలిపిన మార్గరెట్ గారికి ధన్యవాదాలు తెలిపారు.

సమ్మె ముగిసింది. పరీక్ష రోజు వచ్చింది. శిబిరంలో యాస్మిన్‌తో పాటు తర్ఫీదైన వాళ్లంతా, ఆమె తరగతివాడు పృథ్వీతో సహా, రైలెక్కి మహబూబాబాద్ చేరారు. శ్రవణ పరీక్ష మీద ఈ అర్జీల గోల ఎందుకు వస్తున్నదో స్వయంగా చూడడానికి ఉప నియంత్రణాధికారి గారు హైదరాబాదు నుంచి కారులో వచ్చారు. హాల్లో ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడరాదన్నది ఆయన మొదటి నిబంధన. అందువల్ల మంచినీళ్లిచ్చే మనిషి పొద్దుటి నుంచీ మౌనంగా ఉన్నాడు.

యాస్మిన్‌కు ముందు బెంచీ దొరికింది. దరిదాపుల్లో రైలు లేదు. పెట్టె గరగరమని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అదే గొంతు, మార్గరెట్! ఈసారి కథ వేరు. మేనత్త పిల్లి తప్పిపోయింది. పిల్లి కోసం పక్కింటికి వెళ్లారు, పక్కింటివాళ్లతో మాట పెరిగింది. ప్రతి అక్షరం యాస్మిన్‌కు అందుతున్నది. బడి, నల్లబల్ల, ముందు వరస పిల్లలు, అన్నీ కళ్ల ముందు కదిలాయి. మార్గరెట్ ఆగింది.

హాలంతా నిశ్శబ్దం. ఎంత సేపు ఆగిందో, ఎంత చిన్నబోతున్నదో అనిపించే నిశ్శబ్దం. వెనక బెంచీలో పృథ్వీ తట్టుకోలేకపోయాడు.

"జై తెలంగాణ!"

హాలంతా అందుకుంది. యాస్మిన్ నోరు కూడా ఆమెను అడగకుండానే తెరుచుకుంది. సమ్మె విరమించి ఇంకా నెలైనా తిరగని ఇన్విజిలేటరు పిడికిలి ఎత్తి, అధికారిని చూసి, ఆ పిడికిలితోనే తల గోక్కున్నాడు. మార్గరెట్ ఎప్పటిలాగే నినాదం అయిపోయాక మళ్లీ మొదలుపెట్టింది. ఇది ముందుగా కుదుర్చుకున్న వ్యవహారమేనని ఉప నియంత్రణాధికారికి రూఢి అయిపోయింది. కథ ముగిసేదాకా రాసుకోనిచ్చి, ఆ వెంటనే జవాబు పత్రాలన్నీ లాగేయించి లక్కముద్ర వేయించాడు. శ్రవణ సమయంలో అభ్యర్థి పలకడం పద్నాలుగో నిబంధనకు విరుద్ధం.

విచారణ ఆ మధ్యాహ్నమే, ఒక్కొక్కరినీ పిలిచి. యాస్మిన్ లోపలికి వెళ్లింది. నిబంధన ప్రకారం ఆయన ఇంగ్లీషులోనే అడిగాడు, ఆమె ఇంగ్లీషులోనే చెప్పింది. ఎందుకు అరిచావు? మైకులో మనిషి ఆగితే అనడం మా దగ్గర మర్యాద సార్. ఈ మర్యాద ఎక్కడ నేర్చుకున్నావు? శిబిరంలో. అక్కడ మీకు శిక్షణ ఇచ్చింది ఎవరు? మార్గరెట్. ఆ మార్గరెట్ ఏ పార్టీ? ఆమె మీ పెట్టెలోనే ఉన్నారు సార్.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, స్వరం పెంచి, వేగం పెంచాడు. మార్గరెట్ కంటే రెట్టింపు వేగం. గుమ్మం దగ్గర నిలబడిన ఇన్విజిలేటరుకు ఒక్క ముక్కా పట్టుబడలేదు. ఇవాళ పెట్టె ఏం చెప్పిందో వరసగా చెప్పమన్నాడు. పిల్లి తప్పిపోవడం నుంచి పక్కింటివాళ్ల గుమ్మంలో జరిగిన రభస దాకా ఆమె చెప్పింది. పిల్లి రంగు కూడా చెప్పింది. ఆయన తన దగ్గరున్న సరైన జవాబుల పత్రంతో సరిచూసుకున్నాడు. అన్నీ సరిపోయాయి. నీ ఇంగ్లీషు చాలా బాగుందని మెచ్చుకున్నాడు. యాస్మిన్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"అయితే నేను పాసయినట్టేనా సార్?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒకరే కావడంతో ఆయనకు మరింత ఇబ్బందిగా ఉంది. ఇప్పుడు జరిగింది విచారణ అని, పరీక్ష కాదని, విచారణలో అర్థమైన ఇంగ్లీషుకు మార్కులు వేసే గడి ఎక్కడా లేదని వివరించాడు. జవాబు పత్రం రద్దయింది. కాబట్టి ఈ అభ్యర్థికి మాట్లాడే ఇంగ్లీషు అర్థమవుతుందని చెప్పడానికి విశ్వవిద్యాలయం దగ్గర ఏ ఆధారమూ లేదు. ఫెయిల్.

ఇదంతా ఆయన ఇంగ్లీషులోనే, గడగడా, ఒక్కసారే చెప్పాడు. యాస్మిన్‌కు ప్రతి ముక్కా అర్థమైంది.