సొలిసిటర్ కావాలంటే స్పగెట్టి నిలబెట్టాలి

లా చదివి సొలిసిటర్ కావాలని కలలు కంటున్న యువతీ యువకులారా! మీ దరఖాస్తులు తిరిగి రావడం కంటే మీకు జరగగల మేలు ఈ ఇంగ్లండులో మరొకటి లేదు!

కోపం తెచ్చుకోకండి. ఈ మాట అనే అర్హత నాకుంది. లీడ్స్‌లోని పెట్టిఫర్ అండ్ స్నేత్ అనే న్యాయవాద సంస్థలో ఇరవై రెండేళ్ళుగా రిసెప్షన్ బల్ల వెనక కూర్చుంటున్నాను. నా పేరు వినిఫ్రెడ్. విన్నీ అంటేనే పలుకుతాను. మా సంస్థ ఏటా నలుగురికి ట్రైనింగ్ కాంట్రాక్టు ఇస్తుంది. అంటే రెండేళ్ళు మా దగ్గర పని నేర్చుకుంటే సొలిసిటర్ అనే పేరు వస్తుందన్నమాట. ఆ నాలుగు కుర్చీలకు వచ్చే దరఖాస్తులు రెండు వేల మూడు వందలు. మిగిలిన రెండు వేల రెండు వందల తొంభై ఆరు మందికి మేం ఉచితంగా మనోధైర్యం నేర్పుతున్నాం. ఇంత సమాజసేవ ఏ చర్చి చేస్తోంది, చెప్పండి?

ముందు ఫారం సంగతి చూద్దాం. అందులో మొదటి ప్రశ్న, "మా సంస్థలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారు?" ఉద్యోగం కావాలి కాబట్టి అని రాశారో, అక్కడికక్కడే అవుట్! అది ప్రశ్న కాదు నాయనా, ప్రేమలేఖ రాయమని పిలుపు. మమ్మల్ని తప్ప మరొక సంస్థను కలలో కూడా తలవలేదని రాయాలి. రాసి, పేరు మార్చి, అదే ఉత్తరాన్ని నలభై సంస్థలకు పంపాలి.

బార్నబీ అనే కుర్రాడు ఆ పేరు మార్చడం ఒక్కటే మరిచిపోయాడు. ఏడేళ్ళ వయసు నుంచీ ఎదురు వీధిలోని మా పోటీ సంస్థ మీదే మనసు పడ్డానని మాకు రాశాడు. ఏమైందనుకుంటున్నారు? మా వాళ్ళు వాణ్ణి వెంటనే పిలిచారు! ఎదుటివాడి మీద మనసుపడ్డవాడు కనిపిస్తే లాక్కోకుండా ఉండగలరా? అసూయ లేకపోతే న్యాయవాద వృత్తి ఎలా నడుస్తుంది?

ఇంకో ప్రశ్న ఉంది. "మీరు జీవితంలో ఓడిపోయిన సందర్భం వివరించండి." దీనికి జవాబు దొరక్క ఎన్ని మంచి కుటుంబాలు అల్లాడిపోయాయో! ఒకావిడ నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

"మావాడు పుట్టి బుద్ధెరిగాక దేంట్లోనూ తప్పలేదండీ! ఇప్పుడు ఓటమి ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

"కంగారుపడకండమ్మా. ఫారం పంపించండి. ఓటమి సంగతి మేం చూసుకుంటాం" అన్నాను.

ఫారం దాటితే వీడియో ఇంటర్వ్యూ. అవతల మనిషి ఉండడు. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి ముప్ఫై సెకన్లు, జవాబుకు తొంభై సెకన్లు. మీ ముఖం మీకే కనబడుతూ ఉంటుంది. నవ్వాలి, కానీ పళ్ళన్నీ కనబడకూడదు. చేతులు ఆడించాలి, కానీ టీ కప్పు పడకూడదు. చాలామంది ఇది అమానుషం అంటారు. నాకైతే ఇందులో కష్టమేమిటో అర్థం కాదు. ముప్ఫై నాలుగేళ్ళుగా మా ఆయన క్లిఫర్డ్‌తో మాట్లాడుతున్నాను, ఏనాడైనా జవాబు వచ్చిందా?

ఆపైన వ్యాపార స్పృహ! ఇది లేనివాడు సొలిసిటర్ కాలేడు. అదేమిటని మాత్రం అడగకండి. మా సంస్థ అధిపతి హ్యూగో పెట్టిఫర్‌గారినే ఒకసారి అడిగాను. చాలాసేపు కిటికీలోంచి చూసి, "ఉంటే తెలిసిపోతుంది విన్నీ" అన్నారు. దద్దుర్ల గురించి మా డాక్టరు కూడా అచ్చం అలాగే చెప్పాడు. పాపం, అభ్యర్థులు దాన్ని ఎలాగైనా చూపించాలని తాపత్రయపడతారు. ఒకమ్మాయి బాత్రూం ఎక్కడో చెప్పబోతున్న నన్ను ఆపి, వడ్డీ రేట్లు పెరిగితే లీడ్స్ బాత్రూంల మీద పడే ప్రభావం ఏమిటని అడిగింది. ఆమెకు పదికి ఎనిమిది వేశాను.

అవును, నేనూ మార్కులు వేస్తాను! అభ్యర్థి రిసెప్షనిస్టుతో మర్యాదగా ఉన్నాడా లేదా అని మా వాళ్ళు రహస్యంగా కనుక్కుంటారు. ఆ రహస్యం దేశమంతటికీ తెలుసు. అందుకే లోపలికొచ్చిన ప్రతివాడూ నన్ను పొగడ్తలతో ముంచెత్తుతాడు. ఒకడు నా స్టేప్లర్‌ను చేతిలోకి తీసుకుని, ఇంత అందమైన స్టేప్లర్‌ను తన జీవితంలో చూడలేదన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి!

చిట్టచివరిది ఎంపిక రోజు. ఇరవై ఏళ్ళు దాటిన పట్టభద్రులను గదిలో కూర్చోబెట్టి, తలో గుప్పెడు పొడవాటి సేమ్యాలాంటి పచ్చి స్పగెట్టి పుల్లలు, ఒక మార్ష్‌మాలో మిఠాయి ఇస్తారు. స్పగెట్టితో గోపురం కట్టి, మిఠాయిని కొసన నిలబెట్టాలి. వీలునామా రాయించుకునే ముసలమ్మకు ఈ గోపురం ఎలా పనికొస్తుందని అడుగుతున్నారా? అలా అడిగేవాళ్ళు జట్టులో ఇమడరు. అలాంటివాళ్ళను ఏరేయడానికే ఆ గోపురం.

ఇన్ని మంచి గుణాలున్న ఈ పద్ధతి మీద మా ఆఫీసులో ఒకే ఒక్క మనిషికి ఫిర్యాదు ఉండేది. ఆమె టామ్‌సిన్ ఆక్రాయిడ్. పక్కనున్న బాట్లీ ఊరి అమ్మాయి, తండ్రి బస్సు డ్రైవరు. మా దగ్గర ఏడేళ్ళుగా పారాలీగల్. సొలిసిటర్ చేసే పనంతా చేసి, సొలిసిటర్ అనిపించుకోని మనిషిని పారాలీగల్ అంటారు. పత్రాలు రాసేది ఆమె, క్లయింట్ల ఏడుపు వినేది ఆమె, కోర్టు గడువులు గుర్తుపెట్టుకునేది ఆమె. ఆమెకు కావలసిందల్లా ఒకటే, ఆ నాలుగు కుర్చీల్లో ఒకటి. ముప్ఫై ఒక్కేళ్ళు వచ్చాయి. తను చేసే పనికి తన పేరే ఉండాలని ఆశ.

మూడేళ్ళు వరసగా దరఖాస్తు పెట్టింది, మూడేళ్ళూ పోయింది. నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"విన్నీ, నేను కాపీ కొట్టానట."

"ఎవరి దగ్గర తల్లీ?"

"నా దగ్గరే."

విషయమేమిటంటే, మా సంస్థ వెబ్‌సైటులో 'మా దగ్గరే ఎందుకు చేరాలి' అనే పేజీ ఒకటుంది. అంతకు ముందు ఏడు హ్యూగోగారు, "నీకు రాయడం వచ్చుగా, సాయంత్రానికల్లా ఓ పేజీ రాసిపెట్టు" అంటే దాన్ని రాసింది టామ్‌సిన్. ఫారంలోనూ అదే ప్రశ్న. ఆమె తన ధోరణిలోనే రాసింది. దరఖాస్తులు చదివే యంత్రం రెండూ పోల్చి, ఈ అభ్యర్థి దొంగ అని తేల్చేసింది. ఉద్యోగుల సంగతులు చూసే విభాగానికి వెళ్ళి మొరపెట్టుకుంటే, "యంత్రం చెప్పాక మేమేం చేస్తామమ్మా" అన్నారట.

ఐదో ఏడు నేనే దగ్గర కూర్చుని రాయించాను.

"నిజం రాయకు తల్లీ! ఏదైనా కొండ ఎక్కానని రాయి. అందరూ అదే రాస్తున్నారు."

"నాకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి విన్నీ."

"మరీ మంచిది! ఓటమి గడిలో అది రాసెయ్!"

రాసింది. నెగ్గింది. వీడియో దాటింది. ఎంపిక రోజుకు పిలుపొచ్చింది. ఏడేళ్ళుగా రోజూ నా ముందు నుంచే లోపలికి వెళ్ళే మనిషిని, ఆ రోజు మాత్రం నిబంధన ప్రకారం ఆపి, గుర్తింపు కార్డు చూసి, 'సందర్శకురాలు' అని బిళ్ళ తగిలించాను. ఆమె ముఖం గంభీరంగా పెట్టి, "మీ స్టేప్లర్ చాలా బాగుందండీ" అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. పదికి పది వేశాను. పదకొండు వేయడానికి గడి సరిపోలేదు.

స్పగెట్టి నిలబడింది. తర్వాత చర్చకు ఒక కేసు ఇచ్చారు. టీలు అందిస్తూ నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఒక సబ్బుల ఫ్యాక్టరీని స్థలం యజమాని ఖాళీ చేయమంటున్నాడు, ఏం చేయాలి అని ప్రశ్న. మిగతా ఐదుగురూ వడ్డీ రేట్ల గురించి మాట్లాడుతుంటే, టామ్‌సిన్ పది నిమిషాల్లో దారి చెప్పేసింది. ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది? రెండేళ్ళ కింద మాకు నిజంగా వచ్చిన కేసే అది. అప్పుడది సబ్బుల ఫ్యాక్టరీ కాదు, బిస్కట్ల ఫ్యాక్టరీ. లీజు పత్రంలో అరవై ఒకటో పేజీలో ఉన్న ఒక్క వాక్యం పట్టుకుని, నూట నలభై మంది ఉద్యోగాలు నిలబెట్టింది టామ్‌సినే. వాళ్ళు కృతజ్ఞతగా నలభై డబ్బాల బిస్కట్లు పంపితే, ఆమె దాకా వచ్చింది విరిగిన ముక్కల డబ్బా ఒకటి.

హ్యూగోగారు తల అడ్డంగా ఊపారు. "తొందరపడ్డావమ్మా. మిగతావాళ్ళను కలుపుకుపోలేదు. ఇదిగో, ఇది మా దగ్గరున్న ఆదర్శ సమాధానం. ఇలా రాయడం నేర్చుకున్న రోజు నువ్వూ సొలిసిటర్‌వి అవుతావు."

ఆమె ఆ కాగితం తీసుకుని చూసింది.

"ఇది నేను రాసిందేనండీ. అడుగున నా పొడి అక్షరాలున్నాయి, చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. నేను చక్కెర వేయని టీని తెగ కలుపుతున్నాను.

"అలాగా!" అన్నారు చివరికి, ఎంతో సంతోషంగా. "అయితే నీకు శిక్షణ అవసరమే లేదన్నమాట!"

అందరూ నవ్వారు. శుక్రవారం ఉత్తరం వచ్చింది. ఈ స్థానానికి అవసరమైన దానికంటే ఎక్కువ అనుభవం ఉన్నందున తిరస్కరిస్తున్నాం అని. దాని కిందే ఇంకో ఉత్తరం. బార్నబీ ఈ సోమవారం చేరుతున్నాడు, లీజు పత్రం చదవడం అతనికి నేర్పగలరు అని.

ఆ సాయంత్రం హ్యూగోగారు టాక్సీ కోసం నా బల్ల దగ్గర నిలబడ్డారు. ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ పిల్లకు ఇచ్చి ఉంటే ఏం పోయేదండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఆమెను ట్రైనీని చేస్తే ఆమె పని ఎవరు చేస్తారు విన్నీ?"

వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. టాక్సీ వచ్చింది, ఆయనకు చెప్పలేదు. రెండోది కూడా వచ్చి, కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ద్రోహం అదొక్కటే.

సోమవారం టామ్‌సిన్ రాలేదు. బుధవారం ఫోన్ చేసింది. కీత్లీ అనే ఊళ్ళో ఉన్ని దుకాణం పైన రెండు గదుల ఆఫీసట. మార్జరీ ఇల్లింగ్‌వర్త్ అనే పెద్దావిడ ఒక్కతే సొలిసిటర్. నువ్వు రాసిందేదైనా ఒకటి పట్టుకురా అందట. ఆవిడెంత అరుదైన మనిషో, నిలబడే మొత్తం చదివేసిందట.

"చదివి ఏమందే?"

"సొలిసిటర్ కాకుండా ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మాయ్, అంది."

"నువ్వేమన్నావు?"

"దరఖాస్తులు పెడుతున్నానండీ, అన్నాను. అక్కడికక్కడే ట్రైనింగ్ కాంట్రాక్టు ఇచ్చేసింది విన్నీ! నా పేరు తలుపు మీద రాయిస్తానంటోంది!" అని ఫోన్లోనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అప్పుడే వచ్చిన అభ్యర్థి ఒకడు చేతిరుమాలు ఇచ్చి, తర్వాత తన పేరు స్పష్టంగా రెండుసార్లు చెప్పాడు.

చూశారా, ఎంత చెడ్డ ఉదాహరణో! ఫారం లేదు, యంత్రం లేదు, ఒక్క స్పగెట్టి పుల్ల కూడా లేదు. ఇలాంటివాళ్ళ వల్లే వృత్తి గౌరవం మంటగలిసిపోతోంది. నిరుత్సాహపడకుండా మీరు మాత్రం వచ్చే ఏటి నాలుగు కుర్చీలకు ఇప్పటినుంచే సాధన చేయండి.

అన్నట్టు, ఐదో కుర్చీ ఒకటి ఖాళీ అయింది. టామ్‌సిన్‌ది. దాని మీద ఇప్పటికే ఫైళ్ళు నడుమెత్తు పేరుకున్నాయి, బార్నబీ వాటి వెనక ఎక్కడో ఉన్నాడు. ఆ కుర్చీకి ప్రేమలేఖ అక్కర్లేదు. ఓటమి అక్కర్లేదు. వ్యాపార స్పృహ ఉందో లేదో ఎవరూ చూడరు. హ్యూగోగారు ఫోన్లో ఒక్కటే అడుగుతారు, "రేపు రాగలవా?" అని. పేరు వచ్చే ఉద్యోగానికి ఇన్ని పరీక్షలు పెట్టేవాళ్ళు, పని చేసే ఉద్యోగానికి ఒక్కటీ పెట్టరు. ఎవరైనా ఆ కుర్చీ కోసం వస్తే, లోపలికి వెళ్ళే ముందు ఒక్క నిమిషం నా బల్ల దగ్గర ఆగండి. కీత్లీకి రైలు ఎన్ని గంటలకో చెబుతాను.