బొమ్మ వేస్తే చాలు, పని అయినట్టే!

పేజీలకు పేజీలు రిపోర్టులు రాసేవాళ్లను ఈ దేశం నుంచి వెంటనే పంపించేయాలని నా నిశ్చితాభిప్రాయం. గ్రీన్‌కార్డు ఉన్నా సరే, సిటిజన్‌షిప్ ఉన్నా సరే!

ఈ మాట అనే అర్హత నాకుంది. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్న నేరం అదే. ఇక్కడ బాతెల్ అనే ఊళ్లో మా ఆఫీసు. ఏ ఫౌండేషనో నిధులిచ్చి ఒక సేవా కార్యక్రమం నడిపిస్తే, అది జనానికి నిజంగా పనికొచ్చిందా లేదా అని వెళ్లి చూసి తేల్చడం నా ఉద్యోగం. దాన్ని ఆఫీసులో ఇవాల్యుయేషన్ అంటారు. మా ఇంట్లో ‘ఊళ్లోవాళ్ల తప్పులు వెతకడం’ అంటారు.

ఇన్నేళ్లలో నా రిపోర్టులు ఎవరు చదివారు? రాసిన నేను, స్పెల్లింగ్ చూసిన కంప్యూటర్. ఒక సంస్థవాళ్లు నా రిపోర్టును ప్రొజెక్టర్ కింద ఎత్తు కోసం పెట్టుకున్నారు. సరిగ్గా సరిపోయిందని థాంక్యూ మెయిల్ కూడా పంపారు!

అలాంటి రోజుల్లో మా ఆఫీసుకి హంసిక వచ్చింది. సన్నీవేల్‌లో పుట్టి పెరిగిన పిల్ల. వయసు నాలో సగం, హోదా నాకు రెట్టింపు. నా అరవై రెండు పేజీల రిపోర్టును రెండు వేళ్లతో పట్టుకుని చూసింది.

“అంకుల్, ఇదంతా వన్ పేజ్‌లో పెడదాం. ఒక చార్ట్, ఒక కార్టూన్. టెక్స్ట్ ఎవరూ రీడ్ చెయ్యరు అంకుల్!”

ఆ రోజే నా కళ్లు తెరుచుకున్నాయి.

ఆహా, ఏమి సుఖం! ఫలితం బాగా లేదా? ఎరుపు తీసేసి లేత నారింజ రంగు వేయండి. అప్పుడది వైఫల్యం కాదు, ‘ఎదుగుదలకు అవకాశం’. గీత కిందికి పడిపోతోందా? కాగితాన్ని అడ్డంగా సాగదీయండి, చదునైపోతుంది. తొంభై రెండు కాస్తా తొంభై నాలుగు అయిందా? సున్నా దగ్గర కాకుండా తొంభై దగ్గర మొదలుపెట్టి బార్ గీయండి. రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది! ఇందులో అబద్ధం ఎక్కడుంది? అంకెలు పక్కనే ఉన్నాయి కదా, చీమ తలకాయంత అక్షరాల్లో!

ఇంట్లో కూడా ఇదే పద్ధతి పెట్టాను. “వారంలో మీరెన్నిసార్లు గిన్నెలు తోమారు?” అని మా ఆవిడ విజయశ్రీ అడిగితే మాటలతో వాదించలేదు. గారె ఆకారంలో ఉండే డోనట్ చార్ట్ చూపించాను. మధ్యలో నవ్వుతున్న గిన్నె బొమ్మ. ఆవిడ చార్ట్ వంక చూసింది, సింక్ వంక చూసింది, ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే! ఆ రోజు నుంచి నాకు పెరుగు వడ్డించడం మానేసింది గానీ, మా సర్వేలో పెరుగు గురించిన ప్రశ్న లేదు.

మొన్న రెడ్‌మండ్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే పులిహోర అయిపోయింది. పాపం, ఆ ఇంటాయన ఎంత కంగారుపడ్డాడో! ‘పులిహోరకు పెరిగిన ఆదరణ’ అని పైకి దూసుకుపోయే బాణం ఒకటి గీసి గోడకి అంటిస్తే సరిపోయేది కాదా? జనం దాంతో సెల్ఫీలు తీసుకుని ఆకలి మర్చిపోయేవారు.

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే బుధవారం వ్యాన్ సంగతి వినండి.

ఇక్కడి తెలుగు చర్చివాళ్లు ఒక ఫౌండేషన్ నిధులతో పెద్దవాళ్ల కోసం వారానికోసారి వ్యాన్ నడుపుతారు. కొడుకులూ కోడళ్లూ ఆఫీసులకి పోయాక ఇంట్లో ఒక్కరే ఉండిపోయే వాళ్లను ఎక్కించుకుని హాలుకి తీసుకెళ్తారు. ప్రార్థన, కాస్త వ్యాయామం, బోలెడు కబుర్లు. కొందరికి వారం మొత్తంలో తమ ఈడు మనిషితో మాట్లాడేది ఆ ఒక్క పూటే.

దాన్ని నేను ఇవాల్యుయేట్ చేశాను. టాబ్లెట్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లాను. దాని తెర మీద ఏడుపు ముఖం నుంచి పెద్ద నవ్వు దాకా ఐదు ముఖాలు. ఏదో ఒకటి నొక్కాలి. ఇరవై ఇద్దరూ పెద్ద నవ్వే నొక్కారు! పద్దెనిమిదేళ్లలో ఇలాంటిది చూడలేదు. అనుమానం వచ్చి, చివరి ఇంట్లో ఉన్న కరుణమ్మగారిని అడిగాను. బాపట్లలో టీచరుగా రిటైరైన మనిషి, డెబ్భై ఆరేళ్లు.

“తక్కువ నొక్కితే నీ ఉద్యోగం పోద్దంటగా బాబూ? వీసా కూడా ఆపేస్తారంట. పిల్లలు గలవాడివి. అందుకే అందరం ఫోన్లు చేసుకుని పెద్దదే నొక్కుదామనుకున్నాం. అయినా ఈ వయసులో నీకు పరీక్షలేందయ్యా?”

పరీక్ష నాకు కాదు, వ్యాన్‌కి అని చెప్పాను. నేను సిటిజన్ అయి పదేళ్లయిందనీ చెప్పాను.

“వ్యానా? నేనెక్కి రెండు నెలలైంది. ఆ మెట్టు బాగా ఎత్తు. మోకాలు లేవదు. బుధవారం వాకిట్లో నిలబడి, కిటికీలో ఉన్నోళ్లందరికీ చెయ్యూపి లోపలికి పోతా.”

ఇవన్నీ రిపోర్టులో రాశాను. నవ్వులు ఎందుకు నమ్మకూడదో, మెట్టు ఎంత ఎత్తుందో, మెట్టెక్కే పని లేకుండా మనిషిని పైకి లేపే లిఫ్ట్ ఉన్న వ్యాన్ ఎందుకు కావాలో నలభై ఒకటో పేజీలో ఉంది.

“సో స్వీట్! బట్ కార్టూన్‌లో వన్ బబులే ఫిట్ అవుతుంది అంకుల్,” అంది హంసిక.

ఇద్దరం కూర్చుని బొమ్మ తయారుచేశాం. పసుపు వ్యాన్, కిటికీలో నవ్వుతున్న కరుణమ్మగారు, ‘ఐ లవ్ వెడ్‌నెస్‌డేస్!’ అని ఆమె నోటి దగ్గర మాటల బుడగ. పక్కన గుండ్రటి ‘పై’ చార్ట్. నూటికి నూరు కాబట్టి ముక్కలు కోయాల్సిన పనే లేదు, నిండుగా లడ్డూలా వచ్చింది. చికాగో కాన్ఫరెన్స్‌లో దానికి ప్రైజ్ ఇచ్చారు. ఫౌండేషన్‌వాళ్లు క్యాలెండర్‌ మీద వేసుకున్నారు. జీవితంలో మొదటిసారి నా పనిని నలుగురు చూశారు! అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండింది.

తర్వాత చర్చిలో వ్యాన్ పనులు చూసే జయరాజుగారు లిఫ్ట్ కావాలని ఫౌండేషన్‌కి అర్జీ పెట్టుకున్నారు. వాళ్లు జవాబుగా మా బొమ్మనే పంపారు. కింద ఒక్క లైను: ‘అందరూ ఇంత సంతోషంగా ఉంటే మార్చడం దేనికి?’

“మీ బొమ్మ చాలా బాగుందంట బ్రదర్,” అన్నారాయన ఫోన్‌లో. “లిఫ్ట్ మాత్రం ఇవ్వరంట.”

చూశారా బొమ్మ బలం? నా అరవై రెండు పేజీలు ఎన్నడైనా ఒక లిఫ్ట్‌ని ఆపగలిగాయా?

ఆ బొమ్మకి ఫ్రేమ్ కట్టించి కరుణమ్మగారికి ఇచ్చి వద్దామని వెళ్లాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“నన్ను లోపల కూర్చోబెట్టావే! సుగుణమ్మ కూర్చునే సీటు పక్కనే!” అని మురిసిపోయారు. తర్వాత వ్యాన్ తలుపు దగ్గర వేలు పెట్టి వెతికారు. “మెట్టేది బాబూ?”

“తీసేశామండీ. బొమ్మకి అడ్డంగా ఉందని.”

“నాకూ అదేగా అడ్డం,” అన్నారామె. కోపంగా కూడా అనలేదు.

నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. అంతలో బయట హారన్ వినిపించింది. ఆ రోజు బుధవారమని నాకు తట్టనే లేదు. ఆమె ఫ్రేమ్‌ను నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుంటూ వాకిట్లోకి నడిచారు. వ్యాన్‌లోంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆమె చెయ్యూపారు. వ్యాన్ వెళ్లిపోయింది. కాగితం మీద ఆమెను నేను ఎప్పుడో ఎక్కించేశాను కాబట్టి, ఇక ఎవరూ ఎక్కించరు.