కుడికాలికి దిష్టికట్టు

"ఒరేయ్ ఆసిఫ్, కాలు ఇరిగితే ఏం జేస్తావ్‌రా?"

ఉగ్గాని తింటున్న ఆసిఫ్ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏ కాలుమా?" అన్నాడు.

"ఏదో ఒకటి. రెండూ నీయే గదా."

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఆళ్లగడ్డలో అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ఆ వేళకు ఆసిఫ్ తల్లి హమీదా ఇంట్లో జరగదగిన చెడ్డ సంగతి పాలు విరగడం ఒక్కటే. అవీ విరగలేదు. కానీ హమీదా కారణం దొరికేదాకా భయపడకుండా కాచుకునే మనిషి కాదు. ముందు భయపడేది, తర్వాత తీరిగ్గా కారణం వెతుక్కునేది. ఆ రోజు కారణం కోసం దూరం పోవాల్సిన పని కూడా లేకపోయింది. అది నాలుగురోడ్ల దగ్గర ఫ్లెక్సీగా నిలబడి ఉంది.

ఆసిఫ్ కబడ్డీ ఆడతాడు. కూతకు వెళ్లాడంటే ఇద్దర్ని తాకందే తిరిగి రాడని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆ పేరు హైదరాబాదు జట్టొకదాని చెవిన పడింది. జట్టు మేనేజరు వినీత్ ఆ రోజే నంద్యాలకు వచ్చి ఒప్పందం మీద సంతకాలు చేయించుకుంటానన్నాడు. జట్టులో ఖాళీ ఉన్నది ఒక్క చోటు. ఈ రోజు ఆసిఫ్‌కు దక్కకపోతే రేపు మరొకరికి పోతుంది. సంగతి తెలియగానే వీధి కుర్రాళ్లు ఆగలేక జట్టు పేరుతో సహా ఫ్లెక్సీ కట్టేశారు. అందులో ఆసిఫ్ కుడికాలు ముందుకు చాపి తొడ చరుస్తున్నాడు.

"ఆ తొడ చూస్తివా? తలుపంత ఉండాది," అంది హమీదా భర్తతో. "కడపకు పోయే బస్సులు, కర్నూలుకు పోయే బస్సులు, అన్నీ ఆడనే నిలుస్తాయి. లోపల కూసున్నోళ్లకు ఇంకేం పని? దాన్నే చూస్తాండారు."

"చూడనీ," అన్నాడు దాదా ఖలందర్, పరుపులో దూది కూరుతూనే. "దుడ్లు పెట్టి ఏయించింది చూడనీకే గదా."

హమీదాకు ఆ మాట రుచించలేదు. ఆసిఫ్ పసివాడుగా ఉన్నప్పుడు బుగ్గన కాటుక చుక్క పెట్టే బయటకు పంపేది. చూసేవాళ్ల కన్ను ఆ చుక్క దగ్గరే ఆగిపోతుంది, పిల్లవాడిదాకా పోదు. ఇప్పుడు పిల్లవాడు పెరిగాడు. దిష్టీ పెరిగింది. తలుపంత కాలికి చుక్క ఏం సరిపోతుంది? కట్టే కట్టాలి. బాగున్న కాలికి కట్టు కడితే, అయ్యో పాపం అంటారే తప్ప అబ్బ ఎంత కాలో అనరు.

వేరే ఇంట్లో అయితే ఒక గుడ్డపీలికతో పని అయిపోయేది. పరుపులు కుట్టే ఇంట్లో దేనికైనా కొలత పరుపే. హమీదా మోకాలి చుట్టూ దూది పేర్చి, పైన కొత్త గుడ్డ చుట్టి, గట్టిగా ముడి వేసింది. చూడబోతే ఆసిఫ్ కుడి మోకాలు చిన్న దిండును మింగినట్టుంది. ప్యాంటు దాని మీదుగా దిగలేదు. తొడదాకా మడిచిపెట్టింది.

"ఎవరికీ చెప్పగూడదు. చెప్తే పని జెయ్యదు," అంది. "నంద్యాలలో దిగినాక ఇప్పేస్తా."

మామూలుగా అయితే ఆసిఫ్ ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆ రోజు కిక్కురుమనకుండా కాలు చాపి కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది వీడికింత బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందని హమీదాకు ఇంకో భయం మొదలైంది గానీ, బస్సుకు వేళైంది.

అతడి నోటికి తాళం వేసినవాడు ఇంకొకడు కూడా ఉన్నాడు. నంద్యాలలో ఆటగాళ్ల తరఫున బేరాలు మాట్లాడే ప్రభుదాసు. ఒకప్పుడు బళ్లో డ్రిల్లు మాస్టరు. "మేనేజరు ముందర నువ్వు నోరు తెరవద్దు నాయనా. ఏం అడిగినా నేనే చెప్తా. కూత నీది, మాట నాది," అని ముందే చెప్పాడు. వేరే జట్లవాళ్లు మధ్యలో చెడగొడతారని, ఎవరి ఫోనూ ఎత్తవద్దని కూడా అన్నాడు. అందుకని ఆసిఫ్ ఫోను నోరు మూసుకుని హమీదా సంచిలో పడి ఉంది.

బస్సు ఎక్కేటప్పుడు ఆసిఫ్ కుంటాడు. హమీదా వెనకనుంచి గొణిగింది. "కట్టు కుడికాలికుంటే ఎడమకాలు కుంటుతావేందిరా? కుంటేదుంటే సరిగ్గా కుంటు."

ఆసిఫ్ సరిగ్గా కుంటాలని చూశాడు గానీ కుదరలేదు.

బస్సులో వాళ్ల వీధి శివమ్మ ఉంది. పాలు పోసే మనిషి. పాల కంటే వార్తలు వేగంగా పోస్తుంది. "అయ్యో హమీదక్కా! పిల్లోనికి ఏమైంది?"

"ఏం ల్యా."

ఏమీ లేకపోతే ఇంత కట్టు ఎందుకుంటుంది? అంత కట్టు పెట్టుకుని ఏమీ లేదంటోందంటే లోపల చెప్పుకోలేనిదేదో జరిగి ఉండాలి. బస్సంతా అదే ఆలోచించింది. నాలుగురోడ్ల దగ్గర బస్సు ఆగి ఉండగానే శివమ్మ ఒక ఫోటో తీసింది. "మా మహేషుకు పంపిస్తా. వానికి తెల్సిన డాక్టరు ఉండాడు," అంది. ఫోటోలో ముందు కట్టు, వెనక కిటికీలోంచి ఫ్లెక్సీ చక్కగా పడ్డాయి.

ఒక కట్టులో ఎన్ని రోగాలు పడతాయో హమీదాకు ఆ ప్రయాణంలోనే తెలిసింది. బస్సు ఆళ్లగడ్డ దాటేటప్పుడు అది బెణుకు. తర్వాతి స్టేజీకి నరం తెగింది. శిరివెళ్ల వచ్చేసరికి మోకాలి చిప్ప పగిలింది. వెనక సీటులోని పెద్దాయన ముందుకు వంగి, కట్టు మీద వేలితో నొక్కి చూశాడు.

"మెత్తగుండాది. లోపల నీరు బాగా పట్టినట్టుంది," అన్నాడు.

అది దూది అని చెప్పలేక హమీదా కిటికీలోంచి బయటకు చూసింది.

మహేష్ ఫ్లెక్సీ కట్టించినవాళ్లలో ఒకడు. తల్లి పంపిన ఫోటో చూడగానే ఆళ్లగడ్డ కబడ్డీ గ్రూపులో పెట్టాడు. 'మన ఆసిఫ్ కాలికి రాడ్డు వేశారు, అందరూ దేవుణ్ని వేడుకోండి' అని కింద రాశాడు. రాడ్డు ఎక్కడినుంచి వచ్చిందో అతడికీ తెలియదు. అంత కట్టుకు రాడ్డయినా లేకపోతే బాగుండదని అనిపించి ఉంటుంది.

హైదరాబాదునుంచి కారులో వస్తున్న వినీత్‌కు ఆ ఫోటో గ్రూపునుంచి చేతులు మారి దారిలోనే చేరింది. వెంటనే ప్రభుదాసుకు ఫోను చేశాడు.

"ప్రభుదాసు గారూ, మీ ఆసిఫ్ మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"ఇనుప గుండ్లు సార్!"

"మరి ఈ ఫోటో ఏంటి?"

ప్రభుదాసు ఫోటో చూశాడు.  ఆసిఫ్‌కు ఫోను చేశాడు, ఎత్తలేదు. ఎత్తవద్దని చెప్పింది తానేనని గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. మళ్లీ వినీత్‌కు చేశాడు. "అది పాతది సార్. పోయిన సంవత్సరంది."

"వెనకాల ఫ్లెక్సీ మీద మా జట్టు పేరుందండీ. మనం మాట్లాడుకున్నది పోయిన వారం."

ప్రభుదాసు మాట మార్చాడు. "అసలు అది కట్టు కాదు సార్. బరువు. ఇసక మూట. కాలికి కట్టుకొని తిరుగుతాడు. సాధన."

"బస్సులోనా?"

"నిద్రలో కూడా సార్."

 "సరే, మా ఫిజియో వాణి కూడా కారులోనే ఉంది. తనే చూస్తుంది," అని వినీత్ ఫోను పెట్టేశాడు.

నంద్యాల బస్టాండులో దిగగానే కట్టు విప్పేయాలని హమీదా అనుకున్నది. కానీ ఆసిఫ్‌ను దించడానికి శివమ్మతో పాటు బస్సులో సగం మంది దిగారు. నొక్కి చూసిన పెద్దాయన తన తుండుగుడ్డ తీసి కాలి కింద పరిచాడు. ఇంతమంది కళ్లముందు విప్పి నిగనిగలాడే కాలు చూపిస్తే, ఫ్లెక్సీ దిష్టి కంటే అది పెద్ద దిష్టి. హమీదా చెయ్యి ముడిదాకా పోయి వెనక్కి వచ్చింది.

ప్రభుదాసు పరుగున వచ్చాడు. "ఏందమ్మా ఇది?"

"ఏం ల్యా సారూ."

"ఏం లేకపోతే మంచిదే. ఎవరన్నా అడిగితే ఇసక అని చెప్పండి."

"ఇసకేంది?"

"చెప్పండమ్మా, అంతే."

ఆటో ఎక్కగానే హమీదా ఫోను మోగింది. అవతల దాదా ఖలందర్. "రాడ్డేసినారంట గదే!"

"ఎవరు చెప్పినారు?"

"ఊరంతా చెప్తాండారు. దూది నేనే ఇస్తి గదే, నడమ రాడ్డెప్పుడు ఏసినారు?"

పక్కన ప్రభుదాసు కూర్చుని ఉన్నాడు. చెబితే దిష్టి తగులుతుంది. "ఏం ల్యా," అంది హమీదా మూడోసారి. భర్త ఏడుపు మొదలుపెట్టాడు.

ప్రభుదాసు ఆఫీసు శ్రీనివాస సెంటర్లో ఒక మేడ మీద ఉంది. మెట్ల పైన వినీత్, అతడి పక్కన వాణి నిలబడి చూస్తున్నారు. ఆసిఫ్ ఒక్కో మెట్టే ఎక్కాడు. అందరూ కట్టునే చూస్తున్నారు. వాణి మాత్రం మొత్తం మనిషిని చూస్తున్నట్టుంది.

లోపల కూర్చోబెట్టాక ఆమె కట్టు మీద వేలు పెట్టింది. వేలు సగందాకా దిగిపోయింది.

"చాలా మెత్తటి ఇసక," అంది.

"కుందూ ఏటి ఇసక మేడమ్," అన్నాడు ప్రభుదాసు. "మెత్తగా ఉంటాది."

వినీత్ నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "చూడండి. దెబ్బలు తగలని ఆటగాడు ఉండడు. దెబ్బ ఉందంటే మేమే బాగు చేయించుకుంటాం. ఆ చోటు అట్టే పెట్టి కాచుకుంటాం. కానీ పోయినసారి ఒకతను భుజం నొప్పి దాచి వచ్చాడు. మూడో ఆటలో పడిపోయాడు. మళ్లీ అలాంటిది నావల్ల కాదు. దాచారని తర్వాత తెలిస్తే మాత్రం ఇంక మాటల్లేవు. ఇప్పుడు చెప్పండి, ఈ కాలికి ఏమైంది?"

ప్రభుదాసు నోరు తెరిచాడు. ఇసక తర్వాత ఏం చెప్పాలో ఇంకా తట్టలేదు. ఈలోగా హమీదా లేచి నిలబడింది. కొడుకు చోటు పోతుందన్న భయం ముందు దిష్టి భయం చిన్నదైపోయింది.

"ఇసక లేదు, రాడ్డు లేదు సారూ. నేనే కడితి. దిష్టికి. ఆ ఫ్లెక్సీలో వీని కాలు చూసి బస్సులోళ్లంతా..." మాట అక్కడే వదిలేసి, ముడి పట్టుకుని లాగింది.

గుడ్డ విడిపోయింది. దూది బయటపడింది. పైన ఫ్యాను తిరుగుతోంది. దూది గదంతా లేచింది. ప్రభుదాసు జుట్టు మీద, వినీత్ కాగితాల మీద, గోడ మీద ఏసుప్రభువు పటం మీద వాలింది. ఇంత దూది ఒక్క మోకాలి మీద ఎలా పట్టిందా అని వినీత్ నోరు తెరిచి చూశాడు. అందులోనూ కొంత పోయింది.

వాణి కుడికాలు వంచింది, చాపింది, మెలి తిప్పింది, నొక్కింది. "ఈ మోకాలికి వంక పెట్టడానికి లేదు," అంది.

వినీత్‌కు దగ్గు, నవ్వు ఒకేసారి వచ్చాయి. "అమ్మా, ఇంత భయపెట్టినవాళ్లను నేను చూడలేదు!"

"నేను చెప్పలేదా సార్? ఇనుప గుండు!" ప్రభుదాసు కాగితాల మీది దూది ఊదేసి బల్ల మీద పరిచాడు. వినీత్ పెన్ను మూత తీశాడు. హమీదా కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంత బాగా జరుగుతోందంటే ఏదో జరగబోతోందని ఆమెకు అనుమానం వచ్చింది.

"ఆసిఫ్," అంది వాణి. బస్సెక్కినప్పటినుంచి ఆ అబ్బాయిని పేరు పెట్టి ప్రశ్న అడిగినవాళ్లు లేరు. "మెట్లెక్కేటప్పుడు చూశాను. నీకు ఎక్కడైనా నొప్పి ఉందా?"

"వానికేం నొప్పి మేడమ్..." అని ప్రభుదాసు మొదలుపెట్టాడు. వినీత్ చెయ్యెత్తి ఆపాడు.

ఆసిఫ్ ప్రభుదాసును చూశాడు. ప్రభుదాసు కనుబొమలు వద్దు వద్దంటున్నాయి. కాగితాల వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. నొప్పి అన్న మాట వింటే చాలు, ఆమె ఇంక గుమ్మం దాటనివ్వదు. అందుకే ఇన్నాళ్లూ ఇంట్లో కూడా కిక్కురుమనలేదు. ఫ్యాను తిరుగుతోంది. గాల్లో మిగిలిన దూది ఒక్కొక్క పోగే కిందకు దిగుతోంది.  వినీత్ చేతిలో మూత తీసిన పెన్ను అలాగే ఉంది. చివరి పోగు కూడా దిగి, ఆసిఫ్ ఎడమ మోకాలి మీద వాలింది.

"దీనికే," అన్నాడు ఆసిఫ్. "బేతంచెర్లలో ఆడేటప్పుడు పడిన్యా. అప్పట్నుంచి మెట్లెక్కితే సలుపుతాది."

వినీత్ పెన్ను మూత పెట్టలేదు, అలాగే ఆసిఫ్ చేతికిచ్చాడు.

హమీదా వంగి, గదంతా పడిన దూది ఏరుకుంది. ఈసారి ఏ కాలని అడిగి కట్టింది.